రెండో మడతకుర్చీ

"ఉడికిన గుడ్డుని ఫోర్కుతో మెత్తగా మెదపాలమ్మా, చాకుతో తరక్కూడదు. నాలిక్కి ముక్క తగిలిందంటే మీ మామయ్య ఇక ఆ రొట్టె ముట్టడు," అంది మ్యూరియల్.

నెరిస్ చాకు పక్కన పెట్టి ఫోర్కు అందుకుంది. పెళ్ళయి ఇంకా రెండు నెలలు నిండలేదు. ఏ పని చేసినా బొమ్మరిల్లు ఆడుతున్నట్టే ఉందామెకి. అత్తగారి వంటింటి కిటికీకి ఆవిరి పట్టి ఉంటే వేలితో ఆడ్రియన్ పేరులోని మొదటి అక్షరం రాసి, మళ్ళీ తనే సిగ్గుపడి అరచేత్తో తుడిచేసింది. కడిగి ఆరబెట్టిన మేజోళ్ళలో అతనివీ తనవీ కలిసిపోతే వాటిని జతలుగా విడదీయడం కూడా సరదాగానే ఉంది. ఇవాళ మరీ సరదా. అక్టోబరు ఆఖరి ఆదివారం. హాలోమియర్ బంగళా తోటలకి వెళ్తున్నారు. చలికాలానికి మూసేముందు ఇదే చివరి రోజు.

ఆ తోట పేరు చెప్పే ఆడ్రియన్ ఆమెని ప్రేమలో పడేశాడు. కాలేజీ గ్రంథాలయం మెట్ల మీద కూర్చుని, "మా ఊరికి దగ్గరే. నూరేళ్ళ చెట్లు రెండు వరసలు, బీచ్ అంటారు, చలికి ముందు ఆకులన్నీ రాగిరంగు తిరుగుతాయి. అక్టోబరులో వాటి కింద నడిస్తే రాగి గిన్నెలో నడుస్తున్నట్టుంటుంది. నిన్ను తీసుకెళ్తా," అన్నాడు. రాగి గిన్నె అన్న ఆ మాటని ఆమె ఏడాదిన్నరగా దాచుకుంది. హనీమూన్‌లో సముద్రం నీళ్ళు దూరి అతని వాచీ ఆగిపోయినప్పుడు కూడా, "పోనీలే, హాలోమియర్‌లో మనకి టైముతో పనేంటి," అని నవ్వింది.

మామగారు డెస్మండ్ తన ఉన్ని కోటు తొడుక్కుని, లోపలి జేబులో వాళ్ళ నాన్న వదిలిపోయిన గొలుసు గడియారం వేసుకుని వంటింట్లోకి తొంగి చూశాడు. ఆ గడియారం ఇలాంటి రోజుల్లోనే బయటికి వస్తుంది. నిన్న సాయంత్రం దాన్ని అందరిముందూ వెనక్కి తిప్పాడు. చలికాలం వస్తోందని ఆ రాత్రి దేశమంతా గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పుకుంటుంది కదా, ఆయన పొయ్యి ముందు కుర్చీలో కూర్చుని అదో పూజలా చేశాడు. "చూడు నెరిస్, ఈ ఇంట్లో గడియారాల పని మగవాళ్ళది. ఆడవాళ్ళ చేతికిస్తే ముందుకి తిప్పాలో వెనక్కి తిప్పాలో తేలక చలికాలమంతా రైళ్ళు తప్పిపోతాయి," అన్నాడు. ఆడ్రియన్ నవ్వాడు. అతను నవ్వాడని ఆమె కూడా నవ్వింది. నవ్వాక నోరు ఎందుకో చప్పబడింది. మ్యూరియల్ మాత్రం అల్లుతున్న స్వెట్టరులోంచి తలెత్తి, ఏదో చెప్పబోయి, మళ్ళీ సూదులు కదిలించుకుంది.

"నీకో బహుమతి ఉంది. అక్కడికెళ్ళాక ఇస్తా," అన్నాడు డెస్మండ్ ఇప్పుడు. నెరిస్‌కి బహుమతులంటే చిన్నపిల్లలా సంబరం. దారంతా అదేమై ఉంటుందా అని ఊహించుకుంటూ, కారు వెనక సీట్లో అత్తగారికీ కుక్కకీ మధ్య ఇరుక్కుని కూర్చుంది. ముందు సీటులో ఆడ్రియన్ మెడ వెనక జుట్టు సుడి తిరిగి ఉంది. దాన్ని చూస్తూ చాలా దూరం వెళ్ళగలదు ఆమె.

హాలోమియర్‌లో కార్లు ఆపేది గొర్రెలు మేసే పచ్చిక మైదానంలో. ఆ మైదానం చివర తోట, తోటకవతల రాతిబంగళా. మంచు ఇంకా పూర్తిగా విడలేదు. తడిసిన ఆకుల వాసన, ఎక్కడో ఎండుకొమ్మలు కాలుస్తున్న పొగ వాసన. నెరిస్ కారు దిగి ఊపిరి వదిలితే తెల్లగా ఆవిరి వచ్చింది. దానికి కూడా నవ్వొచ్చింది.

డెస్మండ్ డిక్కీ తెరిచి, సామాను కిందనుంచి కాగితం చుట్టిన పొడుగాటి వస్తువొకటి లాగి ఆమె చేతికిచ్చాడు. విప్పింది. మడతకుర్చీ. కొత్తది. ఆకుపచ్చ చారల గుడ్డ.

"ఇరవై ఎనిమిదేళ్ళుగా మీ అత్తయ్య ఒక్కతే కూర్చుంటోంది పాపం, భోజనం దగ్గర. ఇక తోడొచ్చింది," అని ఆయన దాన్ని విప్పి, మ్యూరియల్ పాత కుర్చీ పక్కనే వేసి, చేత్తో దులిపి చూపించాడు.

నెరిస్‌కి వెంటనే అర్థం కాలేదు. ఆడ్రియన్ బూట్ల లేసులు బిగించుకుంటున్నాడు. డెస్మండ్ టికెట్ల గుడిసె దగ్గరికి వెళ్ళి వచ్చాడు. చేతిలో రెండే టికెట్లు.

"మేం కూడా..." అంది ఆమె.

"లోపలికి కుక్కని రానివ్వరు," అన్నాడు ఆడ్రియన్. ఆమె దగ్గరికొచ్చి మఫ్లరు సర్దాడు. "పైగా సూపు వేడి చెయ్యాలి, బంగాళాదుంపలు కాల్చాలి. అమ్మ మోకాళ్ళ సంగతి తెలుసుగా, తోటలో మెట్లు ఎక్కలేదు. ఈ ఒక్కసారికి అమ్మకి తోడుండు, సరేనా? వచ్చాక నీకు అంతా పూసగుచ్చినట్టు చెప్తాగా."

"అయినా మీరు తోటలో ఉన్నట్టే కదా," అన్నాడు డెస్మండ్. "ఆ పచ్చిక మీంచి చూస్తే ఈ మైదానం, ఆ తోట, అంతా ఒకటే. మధ్యలో గోడా కంచే ఏమైనా ఉందా?"

అప్పుడే బంగళా గుర్రపుసాల మీద గడియారం గంటలు కొట్టింది. నెరిస్ తన చేతి వాచీ చూసుకుంది. పదకొండు. డెస్మండ్ గొలుసు లాగి తన గడియారం చూసుకుని నాలుక చప్పరించాడు.

"పదకొండు కొడుతున్నారు చూడు. ఇంత పెద్ద బంగళాలో గడియారం తిప్పే దిక్కు లేదు. ఇప్పుడు పదే."

"నా వాచీలో కూడా పదకొండే మామయ్యా. రాత్రి తిప్పాను."

"తిప్పాననుకుని ఉంటావు."

"మరి పదకొండుకి తెరిచే గేటు పదికే..."

"ఆఖరి రోజని తొందరగా తెరిచారు."

ఆమె ఆడ్రియన్ వైపు చూసింది. "టైము విషయంలో నాన్న తప్పడు, బంగారం," అన్నాడతను. మాటలోని తియ్యదనం అలాగే ఉంది. అది తగలవలసిన చోట మాత్రం తగల్లేదు. ఏదో అనబోతుంటే మ్యూరియల్ చెయ్యి ఆమె మోచేతి మీద పడింది. నొక్కింది.

"ఒంటిగంటకల్లా అన్నీ వేడిగా ఉండాలి మ్యూరియల్. ఆకలితో పులుల్లా వస్తాం," అని తండ్రీకొడుకులు వెళ్ళిపోయారు.

నెరిస్ నిలబడే ఉంది. ఆకుపచ్చ చారల కుర్చీ నోరు తెరుచుకుని ఆమె కోసం చూస్తోంది. ఎంత బాగుంది ఆ గుడ్డ. ఇంకెక్కడైనా అయితే ఎంతో మురిసిపోయేది. ఇప్పుడు ఇందులో కూర్చుంటే ఏమవుతుంది? ఏమీ కాదు. సూపు కలుపుతుంది, రొట్టెలు పేరుస్తుంది, అతనొచ్చి రాగి గిన్నె గురించి చెప్తే వింటుంది. వచ్చే ఏడు కూడా కుర్చీ ఇదే. ఆ తరవాతి ఏడు చారలు కొంచెం వెలుస్తాయి. ఎవరూ కట్టిపడెయ్యరు, ఎవరూ కేక వెయ్యరు, మఫ్లరు సర్ది మరీ కూర్చోబెడతారు. పక్కనున్న కుర్చీ కూడా ఒకప్పుడు చారలదేనేమో అని ఆమెకి అనిపించింది. వంగి చూసింది. మడత దగ్గర, ఎండ తగలని చోట, నీలిచారలు కనబడ్డాయి.

"అత్తయ్యా, నేను కూర్చోను," అంది. "మీరేమనుకున్నా సరే. నేను లోపలికెళ్తాను."

మ్యూరియల్ స్టవ్ తియ్యడానికి డిక్కీలోకి వంగినది వంగినట్టే ఆగింది. తరవాత మెల్లగా స్టవ్‌ని తిరిగి లోపల పెట్టేసింది.

"నిన్న నాలుగింటికే ఇంట్లో గడియారాలన్నీ నేనే తిప్పేశా," అంది. "ఏటా నేనే తిప్పుతా. ఆయన గొలుసు గడియారం కూడా. ఈసారి నీ ముందు చూపించుకోవాలని, నన్నడక్కుండానే ఆయన సాయంత్రం కుర్చీలో కూర్చుని దాన్ని మళ్ళీ ఒక గంట వెనక్కి తిప్పాడు. చెప్దామనే నోరు తెరిచా. ఈలోగా ఆడవాళ్ళ చేతికిస్తే అని మొదలెట్టాడుగా. ఇక చెప్పబుద్ధి కాలేదు."

నెరిస్ కళ్ళు పెద్దవయ్యాయి. "అంటే ఆయన ఒంటిగంటకి వస్తానన్నది..."

"రెండింటికి." మ్యూరియల్ డిక్కీ మూసి తాళం వేసింది. "నిన్నట్నుంచీ ఆ గంటని ఏం చేసుకోవాలా అని చూస్తున్నా. రోజూ పడే పాట్లలో కలిపేసుకోవడమే తెలుసు నాకు. అదిగో, ఆ గోడ వెనక ఎర్రగా కనబడుతోందే, అది చూడాలని ఉంది."

తోట మూలన ఎత్తైన ఇటుకగోడ. దాని మీంచి నిప్పులాంటి ఎరుపు ఒకటి ఆకాశంలోకి లేచి ఉంది.

"ఇక్కడ కూర్చుని ఏటా దాన్నే చూస్తా. ఏం చెట్టండీ అది అని అడిగితే మేపుల్ అంటాడు. దాని మొదలెలా ఉంటుందో చూడాలి."

"మరి మీ మోకాళ్ళు?"

"నా మోకాళ్ళకేం, దుక్కల్లా ఉన్నాయి. ఆడ్రియన్ పుట్టిన ఏడాది ఒకసారి నొప్పన్నా. అంతే, అప్పట్నుంచీ నాకు మోకాళ్ళ నొప్పులు."

టికెట్ల గుడిసెలో ఉన్నావిడ కిటికీలోంచి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "అమ్మయ్య, వచ్చారా. ఏటా ఆ పొలంలోనే కూర్చుంటారు, మీకు పూలు పడవేమో అనుకునేదాన్ని," అంటూ టికెట్లు చింపింది. కుక్కని తన కుర్చీ కాలికి కట్టేయమంది. అది కట్టించుకోగానే ఆవిడ బిస్కెట్ల పొట్లం పక్కన చతికిలబడింది.

పచ్చిక దగ్గరికి వచ్చేసరికి మ్యూరియల్ హఠాత్తుగా ఆగిపోయింది. అడుగు ముందు నేల తెగిపోయి ఉంది. లోతైన కందకం. దాని ఒక వైపు నిలువుగా రాతిగోడ. గొర్రెలు తోటలోకి రాకుండా పూర్వం దొరలు కట్టించుకున్నది. చుట్టూ తిరిగి చెక్కవంతెన దాటి, తోటవైపు నుంచి వెనక్కి తిరిగి చూశారు. గోడా కనబడలేదు, కందకమూ కనబడలేదు. పచ్చిక ఒకటే దుప్పటిలా సాగిపోయి, దాని చివర వాళ్ళ కారు, రెండు ఖాళీ కుర్చీలు తోటలోనే ఉన్నట్టు కనబడ్డాయి.

"నిజమే పాపం, ఆయన అబద్ధం చెప్పలేదు," అంది మ్యూరియల్. "ఇటునుంచి చూస్తే అడ్డమేదీ లేదు."

బీచ్ చెట్ల కిందికి వచ్చారు. ఆకులు రాలుతున్న చప్పుడు వానలా ఉంది. పైనా రాగే, కిందా రాగే. ఆమె బూట్లతో ఆకుల్ని తన్నుకుంటూ పరిగెత్తింది, వెనక్కి వచ్చింది, ఒక ఆకు అత్తగారి కోటు గుండీకి గుచ్చింది. పక్కన అతను లేడు. అతనితో చూడాలని దాచుకున్నది అతని తల్లితో చూస్తోంది. అయినా సరే, చూసింది. ఎవరో చెప్తే విన్నది కాదు.

ఆ వరస చివర ఒకప్పుడు దొరలు నారింజచెట్లు పెంచుకున్న గాజుగది ఉంది. ఇప్పుడది టీ దుకాణం. అద్దాలకి లోపల ఆవిరి పట్టి ఉంది. దాటిపోతూ నెరిస్ అలవాటుకొద్దీ ఒక అద్దం వైపు చూసింది. ఆవిరి చెరిగిన చోట ఆడ్రియన్ మెడ వెనక సుడి కనబడింది.

తండ్రీకొడుకులు బల్ల దగ్గర కాళ్ళు బారజాపుకుని కూర్చుని ఉన్నారు. మధ్యలో టీ కూజా, వెన్నమీగడ, ఎర్రటి జామ్, స్కోన్లనే వేడి చిట్టిరొట్టెలు ఒక పళ్ళెం. డెస్మండ్ ముందు ఖాళీ అయిన పళ్ళెం ఇంకొకటి. ఆయన మీసం మీది మీగడ తుడుచుకుంటూ వడ్డించే అమ్మాయితో ఏదో అంటే, ఆ అమ్మాయి పాత చుట్టాన్ని చూసినట్టు నవ్వింది.

మ్యూరియల్ అద్దం దగ్గరికి జరిగి లోపలికి చూసింది.

"అదన్నమాట," అంది. "ఏటా నా సూపు సగం ఎందుకు మిగిలిపోతుందా అనుకునేదాన్ని. ఉప్పు తక్కువైంది అంటాడు. ఒక ఏడు ఉప్పు పెంచా. మరుసటేడు మిరియాలు మార్చా. బెత్తెడు పెద్ద గిన్నె కూడా కొన్నా, చల్లారిపోతోందేమోనని."

నెరిస్ చెవులు మండిపోయాయి. "పదండి లోపలికి. ఆ బల్ల దగ్గరే ఇంకో రెండు కుర్చీలు లాక్కుని కూర్చుందాం. ఏం మొహం పెట్టుకుని చూస్తారో చూద్దాం."

"వద్దు."

"ఎందుకు వద్దు?"

"నేనింకా నా చెట్టు చూళ్ళేదు," అంది మ్యూరియల్. "ఇన్నేళ్ళకి దొరికిన గంట. అది కూడా ఆయన మీద ఖర్చు పెట్టమంటావా?"

ఇటుకగోడ తలుపు తోసుకుని వెళ్తే లోపల కూరగాయల తోట. కొమ్మల్ని చేతుల్లా చాచి గోడకి కట్టిన పియర్ చెట్లు, మంచుకి నల్లబడిన డాలియాలు, ఎవరూ కొయ్యని ఆఖరి చిక్కుడు. ఆ మూల ఎరుపు ఉంది. ఇద్దరూ దాని కిందికి వెళ్ళి తలెత్తి చూశారు.

చెట్టు లేదు. పొడుగాటి ఇటుక పొగగొట్టం ఉంది. పూర్వం చలిలో పళ్ళు పండించడానికి గోడ లోపల మంట పెట్టేవారట. ఆ మంట పొగ పోయే గొట్టం అది. దాన్ని మొదలు నుంచి కొన దాకా ఒక తీగ అల్లుకుని, ప్రతి ఆకూ నెత్తురులా ఎర్రబడింది.

"మేపుల్," అంది మ్యూరియల్.

పెదవి బిగబట్టింది. ఆగలేదు. గోడకి చెయ్యి ఆనించి, వంగి, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. నెరిస్ కూడా నవ్వింది, ఈసారి ఎవరో నవ్వారని కాదు. కోటు గుండీకి గుచ్చిన ఆకు ఊడి పడిపోయింది. కాసేపటికి మ్యూరియల్ కళ్ళు తుడుచుకుని, తీగ మొదలు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది. దాని కాండం మీద అరచెయ్యి వేసి అలాగే ఉంచింది.

"ఆయన ఇటువైపు ఎప్పుడూ రానేలేదు," అంది. ఆ గొంతులో కోపం లేదు. ఏదో తూకం సరిచూసుకున్నట్టుంది. "చూడకుండానే చెప్పాడు. ఏటా. నేనూ నమ్మాను. ఇంటికెళ్ళాక కిటికీ దగ్గర నిలబడి, ఆ మేపుల్ మొదలు ఎంత లావుందో ఊహించుకునేదాన్ని."

నెరిస్‌కి ఆడ్రియన్ మాట గుర్తొచ్చింది. వచ్చాక నీకు అంతా చెప్తాగా. ఏం చెప్పేవాడు? గాజుగదిలో కూర్చుని ఏ మేపుల్ తయారుచేసి తెచ్చేవాడు? చెడ్డవాడు కాదు. నిద్రలో కూడా ఆమె చల్లటి పాదాలని తన కాళ్ళ మధ్య పెట్టుకుని వెచ్చబరుస్తాడు. అది నిజం. ఇదీ నిజం. ఇవాళ ఆ కుర్చీలో కూర్చుని ఉంటే అతను చెప్పింది విని, అతని కళ్ళతో చూశానని మురిసిపోయేది, ఆ మురిపెం కూడా నిజమే అయ్యేది. అందుకే భయమేసింది. ఇన్ని నిజాల మధ్య ఆడమనిషి ఎంత తేలిగ్గా ఇరవై ఎనిమిదేళ్ళు కూర్చుండిపోగలదు. అతన్ని ప్రేమించడం మానక్కర్లేదు. అతని మాట మీద చెట్లు నమ్మడం మానితే చాలు.

గుర్రపుసాల గడియారం రెండు కొట్టింది.

"వెళ్దామా?" అంది నెరిస్.

"కాసేపాగు. పరిగెత్తుకుంటూ వెళ్ళడం నావల్ల కాదు," అని మ్యూరియల్ అక్కడే కూర్చుని, రాలిన పియర్ పండు ఒకటి కోటుకి తుడిచి కొరికి, మిగతా సగం కోడలికిచ్చింది.

వాళ్ళు మైదానంలోకి వచ్చేసరికి తండ్రీకొడుకులు రెండు మడతకుర్చీల్లో చేతులు కట్టుకుని కూర్చుని ఉన్నారు. బల్ల లేదు, స్టవ్ లేదు, డిక్కీకి తాళం. డెస్మండ్ చేతిలో గడియారం తెరిచి ఉంది. ఆకుపచ్చ చారల కుర్చీలో ఆడ్రియన్.

"ఎక్కడికెళ్ళారు?" అన్నాడు డెస్మండ్. "ఒంటిగంట దాటి పావుగంటైంది. సూపేది? కుక్కేది?"

"రెండుంపావు," అంది మ్యూరియల్. "కుక్క బిస్కెట్లు తింటోంది. స్కోన్లు బాగున్నాయా?"

మైదానంలో గొర్రె ఒకటి దగ్గింది. డెస్మండ్ చెయ్యి మీసం మీదికి వెళ్ళి, అక్కడేమీ లేకపోయినా తుడుచుకుంది. ఆడ్రియన్ మెడ దాకా ఎర్రబడ్డాడు.

"నీకు చెప్దామనే..." అని మొదలెట్టాడు నెరిస్‌తో.

"చెప్పక్కర్లేదు. చూసొచ్చాను," అంది నెరిస్. "రాగి గిన్నె గురించి నువ్వు చెప్పింది నిజమే. అక్కడ నువ్వు లేవు, అంతే."

అతను ఆమె మొహం చూశాడు. ఏదో అర్థమైనట్టు, ఏదో ఇంకా కానట్టు లేచి, "కూర్చో," అని కుర్చీ చూపించాడు.

"వద్దులే, నువ్వే కూర్చో. నీకే అలవాటవ్వాలి."

డెస్మండ్ ఈలోగా బంగళా గడియారం వైపు చూశాడు, కోడలి వాచీ వైపు చూశాడు, తన అరచేతిలోకి చూసుకున్నాడు. అప్పుడు ఆ గొలుసు గడియారాన్ని భార్య వైపు చాపాడు. దాన్ని తిప్పి సరిచేసి ఇస్తుందని. ఏటా ఇచ్చినట్టే. మ్యూరియల్ దాన్ని చూసింది. చెయ్యి మాత్రం చాపలేదు. కోటు జేబులోంచి డిక్కీ తాళం తీసి దాని పక్కనే, ఆయన అరచేతిలో పెట్టింది.

"స్టవ్ ఎడమవైపుంది. దుంపలు రేకులో చుట్టున్నాయి. గుడ్లు మెత్తగానే మెదిపాం, నాలిక్కేమీ తగలదు," అంది. కోడలి చెయ్యి పట్టుకుంది. "పదమ్మా, చెరువు వైపు చూడనేలేదు మనం."

"మళ్ళీ వెళ్తారా? ఎప్పటికొస్తారు?" అన్నాడు డెస్మండ్.

మ్యూరియల్ అప్పటికే నాలుగడుగులు వేసింది. వెనక్కి తిరక్కుండానే చెప్పింది.

"తోట మూశాక. నాలుగింటికి. మీ గడియారంలో అయితే మూడింటికే వచ్చేస్తాంలెండి."